ట్రయల్ అడగడం అవమానమా? మేరీకోమ్, నిఖత్ జరీన్, కాచిగూడ రూములో ఉన్న మన హెవీవెయిట్ పోరడు



పోస్టు పొడుగైతది, ముందే చెప్తున్న. తీరిక ఉన్నప్పుడు చదవండి. సగం చదివి కింద కొట్లాట పెట్టుకోకండి.

వారం పది రోజుల నుంచి మన పిల్లల ఫోన్లలో ఒక ఫోటో తిరుగుతున్నది. ఒకపక్క మేరీకోమ్, ఇంకోపక్క నిఖత్ జరీన్. మేరీకోమ్ ఆదివాసీ బిడ్డ, ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్, అట్లాంటి మనిషిని 2019లో ట్రయల్‌కు రమ్మని రోడ్డు మీదికి గుంజింది నిఖత్, అందుకని నిఖత్ గెలిస్తే మనం సంబరపడాల్సిన పని లేదు అని దాని సారాంశం. లైకులు బాగానే పడ్డయి. మంచిగా చదువుకున్నోళ్లు కూడా "కరెక్ట్ అన్నా" అని పెట్టిన్రు.

కరెక్ట్ కాదు. అప్పుడూ కాదు, ఇప్పుడూ కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే అసలు ఏం జరిగిందో ముందు తెలియాలె, ఎందుకంటే అప్పటికి స్కూల్లో ఉన్న తమ్ముళ్లకు ఈ సంగతి సగమే తెలుసు.

నిఖత్‌ది నిజామాబాద్. పదమూడేళ్లకు గ్లోవ్స్ తొడిగింది. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది, అప్పటికి పదిహేనేళ్లు కూడా నిండలేదు. విశాఖపట్నం సాయ్ సెంటర్‌లో ఐ.వి. రావు సారు దగ్గర నేర్చుకున్నది. 2017లో భుజం జారింది, ఏడాది దాదాపు పోయింది. ఆ గాయం నుంచి లేచి 2019 ఫిబ్రవరిలో బల్గేరియాలో స్ట్రాండ్జా టోర్నీలో గోల్డ్ కొట్టింది, అదే ఏడాది ఏషియన్ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం తెచ్చింది. ఆమె బరువు 51 కిలోల కేటగిరీ. మేరీకోమ్‌ది అసలు 48. కానీ 48 కిలోలు ఒలింపిక్స్‌లో లేదు, అందుకని ఆమె కూడా 51కి వచ్చింది. ఇద్దరూ ఒకే తలుపు ముందు నిలబడ్డరు.

2019 ఆగస్టులో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు ట్రయల్ ఉండాల్సింది. బాక్సింగ్ ఫెడరేషన్ ట్రయల్ పెట్టలేదు. మేరీకోమ్‌ను నేరుగా పంపింది. వాళ్లు చెప్పిన కారణం ఏందంటే ఈ మధ్య ఆమె ఆట బాగుంది, మే నెలలో గువాహటిలో ఇండియా ఓపెన్ సెమీఫైనల్లో నిఖత్‌ను ఓడించింది కూడా అని. సరే, అది నిజమే. మేలో ఓడించింది. దాంతో ఆగస్టులో కూడా ఓడిస్తదని ఎట్ల తేల్చిన్రు? నిరుడు ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చినోనికి ఈసారి పరీక్ష రాయకుండనే సీటు ఇస్తమంటే మనం ఊకుంటమా?

రష్యాలో మేరీకోమ్‌కు కాంస్యం వచ్చింది. అసలు గొడవ ఇక్కడ మొదలైంది. ఫెడరేషన్ అప్పటికే రాసుకున్న రూలు ప్రకారం ఆడోళ్లలో గోల్డో సిల్వరో తెచ్చినోళ్లకే ఒలింపిక్ క్వాలిఫయర్స్‌కు నేరుగా సీటు. కాంస్యం వస్తే ట్రయల్ ఆడాలె. కాంస్యం వచ్చినంక ఫెడరేషన్ అధ్యక్షుడు మాట మార్చిండు, మేరీకోమ్‌నే పంపుదామనుకుంటున్నం అన్నడు. ఆట అయిపోయినంక రూలు మారుస్తున్నరన్నమాట. అప్పుడు నిఖత్ అక్టోబరులో కేంద్ర క్రీడల మంత్రి కిరణ్ రిజిజుకు ఉత్తరం రాసింది. సీటు ఇయ్యమని కాదు. ట్రయల్ పెట్టమని. మైకేల్ ఫెల్ప్స్ అంతటోడు కూడా ప్రతి ఒలింపిక్స్‌కు క్వాలిఫై అయ్యే పోయిండు గదా అని గుర్తు చేసింది. మన దేశానికి షూటింగ్‌లో గోల్డ్ తెచ్చిన అభినవ్ బింద్రా ఆమె పక్క మాట్లాడితే, బాక్సింగ్ సంగతి నీకెందుకన్నట్టు మేరీకోమ్ జవాబు చెప్పింది.

డిసెంబర్ 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. నిఖత్ ఓడిపోయింది. 9-1. బౌట్ అయినంక చెయ్యి కలపడానికి పోతే మేరీకోమ్ కలపలేదు.

మనోళ్లు చాలామంది ఈ ఓటమి చూపించి "చూసినవా, అడిగి ఏం సాధించింది" అంటరు. నాకు సరిగ్గా ఇదే నచ్చింది. ఓడిపోయింది, ఇంటికి పోయింది. ట్రయల్ అంటే గదే. గెలిపిస్తమని గ్యారంటీ ఎవ్వరూ అడగలేదు. ఆ రోజు నుంచి నిఖత్‌కు "నన్ను ఆడనియ్యలేదు" అనే మాట లేదు, మేరీకోమ్‌కు "పైరవీతో పోయింది" అనే మచ్చ లేదు. టోక్యోకు ఆమె తన పిడికిలితో గెలుచుకున్న సీటుతో పోయింది. ఆ ట్రయల్ వల్ల ఎక్కువ లాభపడ్డది మేరీకోమే అంటే కొందరికి కోపం వస్తది గానీ, నిదానంగా ఆలోచించండి.

ఇగ "మన మనిషి" అనే మాటకు వద్దాం. మణిపూర్‌లో చురాచాంద్‌పూర్ జిల్లాలో ఒక చిన్న ఊరు, కోమ్ తెగ, జనాభా వేలల్లో ఉండే తెగ, పొలం పని చేసుకునే తల్లిదండ్రులు. అక్కడి నుంచి వచ్చి, పెళ్లయి పిల్లలు పుట్టినంక కూడా రింగ్‌లో నిలబడి లండన్‌లో ఒలింపిక్ కాంస్యం తెచ్చిన మనిషి. ఆమె ఫోటో నా రూములో కూడా ఉన్నది, తీసెయ్యను. కానీ ఆమెకు బాక్సింగ్ మీద మనసు ఎందుకు పోయిందో తెలుసా? డింకో సింగ్‌ను చూసి. 1998 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో 54 కిలోల్లో గోల్డ్ తెచ్చిన మణిపూర్ పిల్లగాడు. ఆ డింకోను మొదలు టీము లిస్టులోంచి తీసేసిన్రు. ఆఖరుకు మళ్లీ చేర్చిన్రు, పోయి గోల్డ్ పట్టుకొచ్చిండు. ఆ లిస్టు అట్లనే ఉండి ఉంటే గోల్డ్ లేదు, దాన్ని చూసి గ్లోవ్స్ పట్టిన మేరీకోమ్ ఉండేదో లేదో కూడా తెల్వదు. గంత దగ్గరి సంగతి ఇది. లిస్టులో పేరు ఎవరు రాస్తరు, ఎవరు కొడతరు అనేది మణిపూర్‌కైనా మన తండాకైనా, గూడేనికైనా బతుకు మీది సంగతి. మన మనిషి పైకి ఎక్కినంక నిచ్చెన ఎవరు తీసినా మనకేం ఫర్వాలేదనుకుంటే, కింద ఉన్న మన పిల్లల గతేంది?

మన జిల్లా దగ్గరి సంగతే చెప్తా. మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, పద్నాలుగేళ్లు నిండకముందే. అదే నిజామాబాద్ జిల్లా, పాకాల ఊరు, లంబాడ బిడ్డ. ఆమెను ఎట్ల ఎంపిక చేసిన్రు? భువనగిరి గుట్ట మీద తాడు కట్టి ఎక్కమన్నరు. ఎక్కినోళ్లను డార్జిలింగ్‌కు, లడఖ్‌కు తీసుకపోయి, మంచులో ఎవరు నిలబడతరో చూసిన్రు. ఎవరి బిడ్డ, ఎవరి సిఫారసు అని గుట్ట అడగదు గదా. పూర్ణను చూసి గర్వపడే మనం, ఆమెను బయటికి తెచ్చిన పద్ధతినే నిఖత్ అడిగితే అవమానం అంటున్నం.

ఇప్పుడు అసలు విషయం. ఈ పోస్టు రాయాలనిపించింది నిఖత్ కోసం కాదు. ఆమెకు ఇప్పుడు మన అండ అవసరం లేదు. నేను రాస్తున్నది నా రూమ్మేట్ కోసం.

పేరు రాయొద్దన్నడు. మన తండా పిల్లగాడే. ఆరడుగుల రెండంగుళాలు, తొంభై ఆరు కిలోలు. కాచిగూడ స్టేషన్ వెనుక గల్లీలో ఒక రూములో నలుగురం ఉంటం. వానికి మంచం సరిపోదు, కింద పడుకుంటడు, కాళ్లు తలుపు దాకా వస్తయి, రాత్రి బాత్రూముకు పోవాలంటే వాన్ని దాటిపోవాలె. తండాలో చిన్నప్పటి నుంచి వాన్ని ఎడ్లబండి అనేటోళ్లు. వానికి ఎడమచెయ్యి వాటం. కోచ్‌లు ఎవరు చూసినా మొదటి మాట ఒకటే, "ఇంత ఒడ్డు పొడుగుకు ఇంత జోరుగా కాళ్లు కదపడం చూడలేదు" అని. పొద్దుగాల నాలుగున్నరకు లేచి బడీచౌడీ, కోఠి, ఆబిడ్స్ మీదుగా ఎల్.బి. స్టేడియం దాకా ఉరుకుతడు. బస్సు పైసలు మిగులుతయని మేం అనుకునేది, ప్రాక్టీసు అని వాడు అనేది.

వాని కష్టం ఓడిపోవడం కాదు. ఓడిపోయేటందుకు మనిషి దొరకకపోవడం.

హెవీవెయిట్‌లో ఇదే రోగం. 48, 51, 54 కిలోల్లో సెలక్షన్ అంటే పిల్లలు వరుస కడతరు. తొంభై దాటినంక ఎంట్రీలు ఒకటో రెండో. ఇద్దరుంటే ఒకడు రాడు. ఇంకొకనికి వాకోవర్. వాకోవర్‌తో గెలిచినోన్ని పై లెవెల్‌కు పంపమంటే "అసలు బౌటే ఆడలేదు గదా, వాని స్టాండర్డ్ ఏందో ఎట్ల తెలుస్తది, ఖర్చు దండగ" అంటరు. బౌట్ పెట్టమంటే "ఎంట్రీలు లేవు" అంటరు. రెండు మాటలూ ఒకే టేబుల్ మీది నుంచి ఒకే రోజు వస్తయి. వానికి రెండుసార్లు ఇట్లనే అయింది. మూడోసారి ఒక సెలక్షన్‌లో ఎదుటోడు వచ్చిండు, అధికారులు రాలేదు, సాయంత్రం దాకా కూసోబెట్టి, వారం తర్వాత లిస్టు పెట్టిన్రు. లిస్టులో మూడో మనిషి పేరు ఉన్నది. ఎక్కడ, ఏ ఆఫీసు అని ఇక్కడ రాయను. అక్కడ ఒక్కచోట బాగైతే అయిపోయే సంగతి కాదిది, ఆట మారినా జిల్లా మారినా ఇదే కథ విన్న.

స్పారింగ్ సంగతి ఇంకా అన్యాయం. అరవై కిలోల పిల్లగానితో తొంభై ఆరు కిలోలోడు ప్రాక్టీసు చేస్తే, సగం బలం మింగి కొట్టాలె. ఏండ్ల తరబడి సగం బలంతో కొట్టి కొట్టి, నిజంగా కొట్టాల్సిన రోజున చెయ్యి ఆగిపోతది. వాడే చెప్పిండు నాకు. "అన్నా, నా చెయ్యికి భయం అలవాటైంది" అన్నడు.

ఇగ తిండి. దీనికి లెక్క ఉన్నది, వినండి. మన హాస్టళ్లల్లో డైట్ ఛార్జీలు 2024 చివర్లో పెంచిన్రు. 40 శాతం. మూడు నుంచి ఏడో తరగతి పిల్లలకు నెలకు 950 నుంచి 1,330. ఎనిమిది నుంచి పది దాకా 1,100 నుంచి 1,540. ఇంటర్ నుంచి పీజీ దాకా 1,500 నుంచి 2,100. పెంచిన్రు, మంచిదే, ఏండ్ల తరబడి అడిగితే వచ్చింది. కానీ 2,100ను ముప్పైతో భాగిస్తే రోజుకు 70 రూపాయలు. పొద్దుటి టిఫిను, పగటి బువ్వ, రాత్రి బువ్వ, చాయ్, గుడ్డు, పండు, అన్నీ అందులోనే. పెరగకముందు 50. తొంభై ఆరు కిలోల బాక్సర్‌కు రోజుకు గుడ్లే పది కావాలె. ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి దాకా, అంటే ఒళ్లు పెరిగే వయసులో, మా వాడు తిన్నది నెలకు వెయ్యి చిల్లర లెక్కన. అయినా అంత పెరిగిండంటే అది వాళ్ల యాడి పుణ్యం, సెలవులకు పోయినప్పుడల్లా జొన్నరొట్టె, పాలు పెట్టి పంపింది.

ఎప్పుడన్నా ఆలోచించిన్రా, మన దేశంలో పేరున్న హెవీవెయిట్లు ఎక్కడి నుంచి వచ్చిన్రు అని? హవాసింగ్, 1966లోనూ 1970లోనూ ఏషియన్ గేమ్స్ గోల్డ్. ఆర్మీ. కౌర్‌సింగ్, 1982 ఢిల్లీ ఏషియాడ్ గోల్డ్. ఆర్మీ. టోక్యోలో మన దేశం నుంచి మొదటిసారి సూపర్ హెవీవెయిట్‌గా ఒలింపిక్స్ ఆడిన సతీశ్ కుమార్, మొహం మీద పదమూడు కుట్లతో క్వార్టర్ ఫైనల్ ఆడినాయన, ఆయనా ఆర్మీనే. మన నిజామాబాద్ హుసాముద్దీన్ 57 కిలోలోడు, రెండు కామన్వెల్త్ కాంస్యాలు, 2023 ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం తెచ్చిండు. ఆయనకు కూడా ఉద్యోగం ఇచ్చింది ఆర్మీనే. అంటే బాక్సర్‌ను, ముఖ్యంగా పెద్ద ఒళ్లున్న బాక్సర్‌ను, కడుపునిండా తిండి పెట్టి సాకే శక్తి ఈ దేశంలో ఆర్మీ మెస్సుకే ఉన్నది. వెల్ఫేర్ హాస్టల్‌కు లేదు. మన పిల్లలు తక్కువ బరువులోనే ఆడతరు, అది వాళ్ల ఒంటితీరు అని ఒక సారు నాతోనే అన్నడు. ఒంటితీరు కాదు సార్, మెస్ బిల్లు.

ఆ పెద్దోళ్ల గతి కూడా గొప్పగ లేదు. 1980లో ఢిల్లీలో మహమ్మద్ అలీ వచ్చినప్పుడు ఆయనతో ఎగ్జిబిషన్ బౌట్ ఆడింది కౌర్‌సింగే. పద్మశ్రీ, అర్జున రెండూ ఉన్నయి ఆయనకు. ముసలితనంలో గుండె జబ్బుకు రెండు లక్షలు అప్పు తెచ్చుకున్నడు. ఏషియాడ్ గెలిచినప్పుడు రాష్ట్రం ఇస్తమన్న లక్ష రూపాయలు ముప్పై ఏండ్లు దాటినా రాలేదని ఆయనే చెప్పుకున్నడు. పేపర్లలో వచ్చినంక అందరూ కదిలిన్రు. 2023లో పోయిండు. హవాసింగ్ అయితే భివానీలో కోచ్‌గా ఉండి ఒక ఊరు ఊరునే బాక్సర్లను చేసిండు. ద్రోణాచార్య అవార్డు ప్రకటించిన్రు, చేతికి అందడానికి రెండు వారాల ముందు, 2000 ఆగస్టులో కన్నుమూసిండు.

ఆడపిల్లల్లో సవీటీ బూరా పేరు ఎంతమందికి తెలుసు? 81 కిలోలు. 2014లో ప్రపంచ సిల్వర్, 2023లో ఢిల్లీలో ప్రపంచ గోల్డ్. అదే టోర్నీలో నిఖత్ గెలిచింది, లవ్లీనా గెలిచింది, నీతూ గెలిచింది. కానీ సవీటీ కేటగిరీ ఒలింపిక్స్‌లో లేదు. ప్రపంచంలోనే మొదటి మనిషి, కానీ ఒలింపిక్స్‌లో అడుగు పెట్టే తలుపే లేదు. ఒళ్లు పెద్దదైతే దారి ఎంత ఇరుకైతదో ఇంతకంటే ఏం చెప్పాలె.

మా వాడు ఇప్పుడు ఏం చేస్తున్నడంటరా? ముహూర్తాలప్పుడు ఫంక్షన్ హాళ్ల ముందట నల్లచొక్కా తొడుక్కొని బౌన్సర్‌గా నిలబడతడు. రాత్రికి వెయ్యి, పన్నెండొందలు. రెండింటికి వచ్చి పడుకుంటడు, నాలుగున్నర అలారం మోగితే ఆపి పడుకుంటడు. మొన్నటిదాకా ఆపేటోడు కాదు.

సరే, ఇక్కడ ఒకడు నన్ను అడుగుతడు, తెలుసు: "రాష్ట్రం నిఖత్‌కు ఇంత చేసింది గదా, మనోడు గెలిస్తే మనోనికి కూడా చేస్తది." చేసింది, నిజమే. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది, జూన్‌లో రెండు కోట్లు, హైదరాబాద్‌లో ఇంటి జాగ. 2024 సెప్టెంబరులో డీఎస్పీ ఉద్యోగం. అంతకు ముందు కూడా కొంత సాయం అందింది, కాదనను. ఒక్క పైసా కూడా ఆమెకు ఎక్కువని నేను అనను. కానీ "గెలిస్తే" అనే మాట చూడండి. గెలిచినంక ఇచ్చేది బహుమతి. మా వానికి కావాల్సింది గెలవకముందు ఒక ఎదుటోడు, ఒక రిఫరీ, పది గుడ్లు, ఊరు దాటి పోయి ప్రాక్టీసు చేసేటందుకు రైలు ఛార్జీ. రెండు కోట్లలో వడ్డీకి కూడా రాదు ఆ ఖర్చు. దానికి ఫోటో ఉండదు, చెక్కు పట్టుకొని నవ్వే కార్యక్రమం ఉండదు, అందుకే చెయ్యరు అని నా అనుమానం. అనుమానం మాత్రమే అనుకోండి.

ఇంకో మాట కూడా వస్తది. ట్రయల్ ఒక్కటే న్యాయమా, ఒక్కరోజు జ్వరం వస్తే? ఇది మంచి ప్రశ్న. 2023లో ఫెడరేషన్ కూడా ఇదే అన్నది. ఒక్కరోజు ట్రయల్ తీసేసి, క్యాంపులో కొన్ని వారాలు చూసి మార్కులు వేసే పద్ధతి తెచ్చింది. జాతీయ పోటీల్లో గెలిచిన ముగ్గురు బాక్సర్లు, మంజూరాణి, శిక్ష, పూనమ్, తమను పక్కన పెట్టిన్రని ఢిల్లీ హైకోర్టుకు పోయిన్రు. కోర్టు జోక్యం చేసుకోలేదు. ఆ పద్ధతిలోనే నిఖత్ టీములోకి వచ్చింది, గోల్డ్ కూడా తెచ్చింది. అంటే ఈసారి కోర్టు మెట్లెక్కినోళ్లు వేరే, లోపల ఉన్నది నిఖత్. నిఖత్ కోసం మాట్లాడినోళ్లు ఆ ముగ్గురి కోసం కూడా మాట్లాడాలె, లేకపోతే మనం కూడా ఆ పోస్టర్ చేసినోని లెక్కనే అయితం, మనిషిని చూసి న్యాయం చెప్పేటోళ్లం. నా వరకైతే, మార్కుల పద్ధతి అయినా ఫర్వాలేదు, ట్రయల్ అయినా ఫర్వాలేదు. కానీ అది ఆటకు ముందే కాగితం మీద రాసి గోడకు అంటించాలె. ఎవరు ఎన్ని మార్కులు వేసిన్రో ఓడినోనికి చూపించాలె. ఆట అయినంక మార్చొద్దు. 2019లో తప్పు జరిగింది ఇక్కడే.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలె. నిఖత్ పారిస్‌లో రెండో బౌట్‌కే చైనా అమ్మాయి వూ యూ చేతిలో ఓడిపోయింది, ఏడ్చింది, దేశానికి సారీ చెప్పింది. ఆ రాత్రి "ఇందుకేనా మేరీకోమ్‌ను రోడ్డుకు గుంజింది" అని రాసినోళ్లలో మన పిల్లలు కూడా ఉన్నరు. టోక్యోలో మేరీకోమ్ కూడా అదే రౌండ్‌లో కొలంబియా ఇంగ్రిట్ వలెన్సియా చేతిలో ఓడిపోయింది. ఆ రాత్రి మనం ఎవ్వరం అట్ల రాయలేదు. రాయకపోవడమే సరి. ఇద్దరికీ అదే మర్యాద ఉంటే చాలు.

ఇగ చెయ్యాల్సిన పని. వట్టి పోస్టుతో ఏం కాదు.

ట్రైబల్ వెల్ఫేర్ హాస్టళ్ల నుంచి, గురుకులాల నుంచి, ఆశ్రమ పాఠశాలల నుంచి ఏ ఆటకైనా సెలక్షన్‌కు పోయినోళ్లు, మీకు జరిగింది నాకు మెసేజ్ చెయ్యండి. పేరు అవసరం లేదు. నాలుగు ముక్కలు చాలు: ఏ తేదీ, ఏ ఆట, ఏ బరువు లేదా ఏ కేటగిరీ, బౌట్ లేదా మ్యాచ్ నిజంగా జరిగిందా లేదా. రూలు కాగితం మీకు ముందే చూపించిన్రా అన్నది కూడా రాయండి. హెవీవెయిట్, కుస్తీ పెద్ద బరువులు, షాట్‌పుట్, వెయిట్‌లిఫ్టింగ్ పిల్లలు తప్పకుండా రాయండి, మీరే తక్కువ మంది ఉంటరు, మీ సంగతే ఎవరికీ తెల్వదు.

వచ్చినవన్నీ కలిపి సమాచార హక్కు దరఖాస్తు వేస్తం. పది రూపాయల ఫీజు, తెల్లకార్డు ఉన్నోళ్లకు అది కూడా లేదు, ముప్పై రోజుల్లో జవాబు రావాలె. అడిగేది మూడు: గడిచిన మూడేండ్లల్లో ఏ ఏ సెలక్షన్ ట్రయల్స్ ఎక్కడ పెట్టిన్రు, వాకోవర్ వచ్చిన కేటగిరీల్లో ఏం చేసిన్రు, క్రీడాకారులైన హాస్టల్ పిల్లలకు డైట్ ఛార్జీ మీద అదనంగా ఏమన్నా ఇస్తున్నరా. మాసబ్‌ట్యాంక్ సంక్షేమ భవన్‌లో ఒకటి, ఎల్.బి. స్టేడియంలో స్పోర్ట్స్ అథారిటీ ఆఫీసులో ఒకటి ఇస్తం. రెండు ఆఫీసులకూ నేనే పోత. తోడు వచ్చేటోళ్లుంటే సంతోషం.

ఇంకోటి, హైదరాబాద్‌లో తొంభై కిలోలు దాటిన బాక్సర్ ఎవరన్నా, ఏ కులమైనా ఏ మతమైనా ఏ జిల్లా అయినా, వారానికి రెండు రోజులు పొద్దుగాల స్పారింగ్‌కు వస్తనంటే చెప్పండి. మా వాన్ని నాలుగున్నరకు లేపే పూచీ నాది.